కృష్ణా గోదావరుల మధ్య ఏ నది ఉంది? ఉప్పుటేరు చెప్పే ఉద్వాసన పాఠం



ఈ వారం వీడియోలో సంకల్పం గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో ఒక్క మాట గురించి వివరంగా చెప్పడానికి టైమ్ సరిపోలేదు. ఆ మాట ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టే. తీరిగ్గా చదవండి. చివర్లో ఇంట్లో చేసుకోదగ్గ చిన్న పని కూడా ఉంది.

సంకల్పం అంటే లొకేషన్ చెప్పడమే

వ్రతమైనా, గృహప్రవేశమైనా, మామూలు శనివారం పూజ అయినా, పంతులుగారు ముందు సంకల్పం చెప్పిస్తారు. అందులో కాలం వస్తుంది: ఏ కల్పం, ఏ మన్వంతరం, ఏ సంవత్సరం, ఏ తిథి. తర్వాత చోటు వస్తుంది: జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణం, శ్రీశైలానికి ఫలానా దిక్కు, ఫలానా రెండు నదుల మధ్య. ఆ తర్వాతే మన గోత్రం, పేరు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాకిలా అనిపిస్తుంది. ఇది టైమ్‌స్టాంప్, లొకేషన్, యూజర్ ఐడీ. ఈ మూడూ లేకుండా ఏ రిక్వెస్టూ ముందుకు వెళ్లదు. తేడా ఏంటంటే మన పెద్దవాళ్లు లొకేషన్‌ని ఊరు పేరుతోనో, పిన్‌కోడ్‌తోనో చెప్పలేదు. నీళ్లతో చెప్పారు. నువ్వు ఏ నీటి పక్కన కూర్చున్నావో అదే నీ అడ్రస్.

మాది ముదినేపల్లి. గుడివాడ నుంచి కైకలూరు, ఆకివీడు మీదుగా భీమవరం వెళ్లే 165వ నంబర్ జాతీయ రహదారి మీద ఉంటుంది. మొన్నటిదాకా కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లా. జిల్లా మారింది గానీ సంకల్పం మారలేదు. శ్రీశైలానికి ఈశాన్యాన, కృష్ణా గోదావరుల మధ్య ప్రదేశంలో అనే చెబుతాం.

బాగానే ఉంది. కానీ ఆ "మధ్య"లో ఏముంది? కృష్ణ తెలుసు, గోదావరి తెలుసు. ఆ రెండింటికీ పన్నెండేళ్లకోసారి పుష్కరాలొస్తాయి, ఘాట్లున్నాయి, హారతులున్నాయి. మధ్యలో ఉన్నది మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆ మధ్యలో ఒక సరస్సు ఉంది, దాని నుంచి సముద్రానికి వెళ్లే ఒక చిన్న నది ఉంది. సరస్సు కొల్లేరు. ఆ నది ఉప్పుటేరు.

68 దారుల్లో వచ్చి, ఒక్క దారిలో వెళ్లాలి

ముందు భూమి ఎలా ఉందో చూద్దాం. నది సముద్రం దగ్గరకొచ్చేసరికి నెమ్మదిస్తుంది, తెచ్చిన ఒండ్రుని దించేస్తుంది. ఎక్కువ ఒండ్రు తన గట్ల దగ్గరే దిగుతుంది. అందుకని డెల్టాలో నది పక్క నేల కాస్త ఎత్తుగా, నదికి దూరమయ్యేకొద్దీ పల్లంగా ఉంటుంది. ఇటు కృష్ణ తన డెల్టాని అలా కట్టుకుంటూ వచ్చింది, అటు గోదావరి అలాగే కట్టుకుంటూ వచ్చింది. రెండింటికీ మధ్య మిగిలిపోయిన పల్లమే కొల్లేరు.

పల్లంలోకి నీళ్లు రాక మానవు. మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరు విజయవాడని ఒరుసుకుంటూ వచ్చి ఇందులో కలుస్తుంది. చింతలపూడి వైపు నుంచి తమ్మిలేరు ఏలూరు పక్కగా వచ్చి కలుస్తుంది. ఇవి కాక, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక రెండు డెల్టాల్లోనూ పంట కాలువలు పారాయి. చేలో మిగిలిన నీరు మురుగు కాలువల్లోకి, అక్కణ్ణుంచి మళ్లీ కొల్లేటికి. ఇలా కొల్లేరులోకి నీరు తెచ్చే కాలువలు, డ్రెయిన్లు 68కి పైగా ఉన్నాయని లెక్క.

మరి బయటికి? ఒక్కటే. ఉప్పుటేరు.

కొల్లేటి ఆగ్నేయాన ఆకివీడు దగ్గర బయల్దేరి, ఒక ఒడ్డున కలిదిండి, కృత్తివెన్ను, ఇంకో ఒడ్డున కాళ్ల, భీమవరం, మొగల్తూరు మండలాలను తాకుతూ, మెలికలు తిరుగుతూ 60 కిలోమీటర్లకు పైగా నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలకు చాలాకాలం ఇదే సరిహద్దు. భీమవరం వైపు నుంచి యనమదుర్రు డ్రెయిన్ కూడా వచ్చి దీని మీదే భారం వేస్తుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. ఈ నది గురించి నాకు తెలిసిన వాటిలో నన్ను ఎక్కువ కదిలించింది ఇదే. కొల్లేరు అభయారణ్యానికి హద్దు ప్లస్ 5 కాంటూరు. అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు. నీరు ఆ గీత దాకా ఉందనుకుందాం. 5 అడుగులంటే 60 అంగుళాలు. సముద్రం 60 కిలోమీటర్ల అవతల ఉంది. కిలోమీటరుకు ఒక అంగుళం వాలు! మీ బాత్రూమ్ ఫ్లోర్‌కి మేస్త్రీ ఇచ్చిన వాలు దీనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

అంత తక్కువ వాలులో రెండు జిల్లాల నీరు పోవాలి. పైగా రోజుకి రెండుసార్లు సముద్రం పోటెత్తి ఎదురు తోస్తుంది. పోటు తగ్గి ఆటు మొదలయ్యాక మళ్లీ నది ముందుకు కదలాలి. దూకే జలపాతాలు, గలగలలు ఇక్కడ లేవు. చూస్తే నిలిచిన నీరే అనిపిస్తుంది. కానీ ఆ కదలిక ఆగితే ఏమవుతుందో 2024లో చూశాం. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆవాహన తెలుసు, ఉద్వాసన తెలుసా?

ఇప్పుడు పూజ దగ్గరికి వద్దాం. షోడశోపచారాల్లో మొదటిది ఆవాహన. దేవుణ్ణి పిలుస్తాం, కూర్చోమంటాం, కాళ్లకు నీళ్లిస్తాం. అంతకుముందే కలశంలోకి గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి అని ఏడు నదులను పిలుస్తాం. ఒక చెంబెడు నీళ్లలోకి ఇంత దేశం వస్తుంది.

పూజ అయ్యాక ఏం చేస్తాం? ఉద్వాసన. వచ్చిన దేవతను "నీ చోటికి నువ్వు సంతోషంగా వెళ్లు, మళ్లీ పిలిచినప్పుడు రా" అని చెప్పి, పీఠాన్ని కొంచెం కదుపుతాం. ఆ కదపడంతోనే పూజ పూర్తవుతుంది. కదపకపోతే పూజ ఇంకా నడుస్తున్నట్టే లెక్క.

మన తరం పూజల్లో ఆవాహన ఘనంగా ఉంటుంది. డెకరేషన్, లైటింగ్, రీల్స్, అన్నీ. ఉద్వాసన మాత్రం హడావుడిగా అయిపోతుంది. భోజనాల టైమ్ అయిందని పంతులుగారిని తొందరపెడతాం. ఆ పూలు, అక్షింతలు, కలశంలోని నీళ్లు ఎక్కడికి వెళ్తాయో మనం చూడం. ఎవరో ఒక కవర్లో కట్టి బాల్కనీలో పెడతారు.

ఈ రెండు మాటలు పట్టుకుని మ్యాప్ మళ్లీ చూడండి. కృష్ణ, గోదావరి, వాటి పంట కాలువలు ఆవాహన. మన చేలకు, ఊళ్లకు నీటిని తీసుకొచ్చి కూర్చోబెడతాయి. ఉప్పుటేరు ఉద్వాసన. పని పూర్తి చేసుకున్న నీటిని దాని చోటికి, సముద్రానికి సాగనంపుతుంది. తెచ్చే నదులకు మనం పుష్కరాలు చేస్తాం. సాగనంపే నదికి ఒక నమస్కారం కూడా పెట్టం. సంకల్పంలో రోజూ చెప్పే ఆ "మధ్య"లో ఉన్నది ఆవిడే అయినా సరే.

భగీరథుడు ఎన్నిసార్లు తపస్సు చేశాడు?

గంగావతరణం కథ మనందరికీ తెలుసు. బాలకాండలో విశ్వామిత్రుడు రాముడికి చెబుతాడు. కపిల మహర్షి కోపానికి బూడిదైన అరవై వేల మంది సగరపుత్రుల కోసం భగీరథుడు గంగను తెచ్చాడు. ఇంతే కదా మనం చెప్పుకునేది? వివరంగా చూస్తే అందులో నాలుగు మెట్లున్నాయి.

మొదటిది, బ్రహ్మ కోసం తపస్సు. గంగ రావడానికి అనుమతి దొరికింది. రెండోది, శివుడి కోసం తపస్సు. ఆమె వేగాన్ని భూమి తట్టుకోలేదు కాబట్టి పట్టుకునేవాడు కావాలి. శివుడు ఒప్పుకున్నాడు. ఈయన్ని కూడా పాతాళానికి ఈడ్చుకుపోతాను అనుకుంటూ గంగ దూకింది. ఆయన జటాజూటంలో బంధించేశాడు. ఏళ్ల తరబడి ఆమె ఆ జటల్లోనే తిరిగింది. బయటికి దారి లేదు.

చాలామంది మర్చిపోయే మెట్టు దీని తర్వాతే వస్తుంది. భగీరథుడు మళ్లీ తపస్సు చేశాడు. ఈసారి రమ్మని కాదు, పట్టుకోమని కాదు, వదలమని. అప్పుడు శివుడు బిందుసరస్సు వైపు ఆమెను వదిలాడు. దారిలో జహ్ను మహర్షి యజ్ఞవాటికను ముంచేసింది. ఆయన కోపంతో మొత్తం తాగేశాడు. దేవతలు, ఋషులు ప్రార్థిస్తే చెవుల్లోంచి వదిలాడు. అందుకే జాహ్నవి అయింది. ఆ తర్వాతే సముద్రం, ఆ తర్వాతే రసాతలం, ఆ బూడిద మీద నీరు, అరవై వేల మందికి మోక్షం.

చూశారా? నీరు భూమ్మీదకు వచ్చినంత మాత్రాన ఎవరికీ మోక్షం రాలేదు. శివుడంతటివాడి జటలో ఉన్నా రాలేదు. అక్కడ నీరు పవిత్రమే, కానీ ఆగి ఉంది. చివరిదాకా వెళ్లి సముద్రాన్ని చేరాకే పని అయింది. నీటిని తేవడం ఎంత తపస్సో, దానికి పోయే దారి ఇవ్వడం కూడా అంతే తపస్సు.

కొల్లేరు మనకు శివజట లాంటిది. రెండు డెల్టాల వాన నీటిని పట్టి ఆపుతుంది. లేకపోతే ఆ వేగం ఊళ్ల మీద పడేది. మా భాషలో దీన్ని బఫర్ అంటాం. బఫర్ చాలా గొప్ప విషయం, కానీ ఒక షరతు మీద. లోపలికి వచ్చేది బయటికి పోతుండాలి. అవుట్‌పుట్ నెమ్మదిస్తే బఫర్ నిండుతుంది, నిండిన బఫర్ వెనక్కి తోస్తుంది. అలర్ట్ ఎక్కడో పైన ఉన్న సర్వీసులో మోగుతుంది. అసలు సమస్య మాత్రం ఎవరూ డాష్‌బోర్డ్ పెట్టని చివరి గొట్టంలో ఉంటుంది.

2024 సెప్టెంబర్

2024 ఆగస్టు 31న కుండపోత వాన. బుడమేరు పొంగి, గట్లు తెగి, విజయవాడ సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లు మునిగాయి. మీలో విజయవాడ వాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. మేడల మీద, టెర్రస్‌ల మీద రోజుల తరబడి ఉన్నవాళ్లు ఇది చదువుతూ ఉంటారు. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. ఆ వారంలోనే, సెప్టెంబర్ 7న, వినాయక చవితి. విఘ్నేశ్వరుణ్ణి పిలవాల్సిన ఇంట్లో బురద.

టీవీలో విజయవాడ కనిపించడం తగ్గాక ఆ నీరు ఎక్కడికి పోయింది? కొల్లేటికి. కొన్ని రోజుల తర్వాత లంక గ్రామాల్లోకి నీరొచ్చింది. ఏలూరు, కైకలూరు మధ్య చినఎడ్లగాడి దగ్గర రోడ్డు మీదుగా పారింది, రాకపోకలు ఆగాయి. పెదఎడ్లగాడి వంతెన ఖానాలకు గుర్రపుడెక్క అడ్డుపడి, దాన్ని తీయడమే పెద్ద పని అయింది. అక్కణ్ణుంచి ఆ నీరంతా ఉప్పుటేరు ఒక్కదాని గుండా, కిలోమీటరుకు ఒక అంగుళం వాలులో, పోటును దాటుకుంటూ పోవాలి.

బుడమేరు పొంగడానికి కారణాలు చాలా ఉన్నాయి. అన్నిటినీ ఉప్పుటేరు మీద వేయడం న్యాయం కాదు. కానీ కొల్లేటి ఊళ్లు అన్ని రోజులు నీళ్లలో ఉండటానికి మాత్రం పోయే దారి సన్నబడటం పెద్ద కారణం. పూడిక పేరుకుంది. గట్ల మీద ఆక్రమణలు వచ్చాయి. సరస్సు లోపల చేపల చెరువుల గట్లు నీటి నడకని మార్చేశాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు కొట్టేశారు. ఆ తర్వాత కూడా కొత్త గట్లు లేచాయి. ఆ చెరువుల మీద బతికే కుటుంబాలున్నాయి, వాళ్ల బాధ కూడా నిజమే. ఇక్కడ ఎవరినీ దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అందరం ఇటు నుంచి నింపే వాళ్లమే అయ్యాం, అటు నుంచి వదిలే పని ఎవరిదీ కాకుండా పోయింది. నా బాధ అది.

పేరంటాల కనుమ

కొల్లేటి మధ్యలో కొల్లేటికోట ఉంది. అక్కడ కొలువున్న తల్లి పెద్దింట్లమ్మ. ఏటా ఫాల్గుణ మాసంలో జాతర. జలదుర్గ అమ్మవారికి గోకర్ణేశ్వర స్వామితో కల్యాణం చేస్తారు. ఒకప్పుడు దోనెల మీద వెళ్లేవాళ్లు, ఇప్పుడు రోడ్డు ఉంది. జలదుర్గ అన్న పేరు ఎంత అందంగా ఉందో చూడండి. జలంలో ఉన్న దుర్గమ్మ అనీ అర్థం, చుట్టూ నీరే కందకమైన కోట అనీ అర్థం. కొల్లేటికోటకు రెండూ సరిపోతాయి.

ఈ కోట మీద ఒక పాత కథ ఉంది. కళింగ గజపతుల సేనాని కోటలో ఉన్నాడు. శత్రు సేనాని ముదినేపల్లి వైపున్న చిగురుకోటలో దిగాడు. చుట్టూ నీరు ఉన్నంతవరకు కోటను కొట్టలేడు. అందుకని కొల్లేటి నీరు సముద్రానికి పోయేలా కాలువ తవ్వించాడు. ఆ కాలువే ఉప్పుటేరు అని కథ. కోటలోని సేనాని గెలుపు కోసం తన కన్నకూతుర్నే బలిచ్చాడట. ఆమె పేరు మీద ఆ దారికి పేరంటాల కనుమ అని పేరొచ్చిందట.

ఈ కథను చరిత్రగా తీసుకోవాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. బలి గొప్పదని అసలు చెప్పను. ఏ తల్లీ బిడ్డ ప్రాణం అడగదు. కానీ కథ గుర్తుపెట్టుకున్న సంగతి ఒకటుంది. రెండు సైన్యాలు కొట్టుకున్నాయి, ఒకరు గెలిచి ఉంటారు, ఒకరు ఓడి ఉంటారు. వాళ్లెవరి పేరూ ఆ నీటికి మిగల్లేదు. ఏ తప్పూ చేయని ఒక ఆడపిల్ల పేరు మిగిలింది. జనం ఆమెను పేరంటాలుగా, దేవతగా చేసుకున్నారు.

ఈ రోజుకీ అంతే. పైన ఎవరు ఏం చేసినా, దాని ఖరీదు కట్టేది నీటి చివర ఉన్నవాళ్లు. మన ఇంటి సింకు, మన ఊరి డ్రెయిన్, మన ఫ్యాక్టరీ గొట్టం, మన చెరువు గట్టు, వీటన్నిటి బిల్లు ఉప్పుటేరు ఒడ్డున వల వేసుకునే మనిషి దగ్గరికి వెళ్తుంది. ఆయన మనకు తెలియదు. పేరంటాలమ్మ కూడా ఆ సైనికులకు తెలియదు.

వదిలేయడం అంటే ఖాళీ అయిపోవడం కాదు

ఇక్కడ ఒక సందేహం రావాలి. సరే, వదలడమే గొప్పదైతే కొల్లేటిని పూర్తిగా వదిలేస్తే పోలా? ఉప్పుటేరుని లోతుగా, వెడల్పుగా తవ్వేస్తే అయిపోతుంది కదా?

కాదు. అసలు అందం ఇక్కడే ఉంది. ఎండాకాలం కొల్లేటి మట్టం బాగా పడిపోతే, సముద్రం పోటు ఉప్పుటేరు గుండా వెనక్కి వస్తుంది. ఉప్పు నీరు సరస్సులోకి ఎక్కుతుంది. చుట్టుపక్కల చేలు, తాగునీరు పాడవుతాయి. అందుకే ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న మాట ఏళ్లుగా వినపడుతోంది. అంటే వదలడానికి కూడా లోపల నిండుదనం కావాలి. సరస్సులో తగినంత మంచినీరు ఉంటేనే అది సముద్రాన్ని సున్నితంగా బయటికి నెట్టగలదు. ఎండిపోయిన సరస్సు ఇవ్వలేదు సరికదా, అవతలి ఉప్పంతా లోపలికి తెచ్చుకుంటుంది.

ఇంకో సంగతి. ఈ నది నీరు పోయే దారి మాత్రమే కాదు, ప్రాణులు వచ్చే దారి కూడా. పండుగొప్ప చేప పెద్దదయ్యాక గుడ్లు పెట్టడానికి ఉప్పు నీటి వైపు వస్తుంది. పిల్లలు మంచినీటి వైపు ఎదురెక్కి పెరుగుతాయి. మోగ మూసేస్తే నీరు పోదు, ఆ పిల్లలూ రావు. ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టేది కూడా ఈ రాకపోకలు సాగినంత కాలమే.

గీత మూడో అధ్యాయంలో పరమాత్మ ఒక చక్రం గురించి చెబుతాడు. అన్నం వల్ల ప్రాణులు, వాన వల్ల అన్నం, యజ్ఞం వల్ల వాన. ఈ చక్రాన్ని తిప్పకుండా తాను మాత్రమే అనుభవించేవాడి బతుకు వ్యర్థం అన్నది అక్కడి భావం. సముద్రం నుంచి మేఘం, మేఘం నుంచి వాన, వాన నుంచి చేను, చేను నుంచి కొల్లేరు, కొల్లేటి నుంచి ఉప్పుటేరు, మళ్లీ సముద్రం. చక్రంలో ఆఖరి ఆకు ఉప్పుటేరు. అది విరిగితే చక్రం ఆగుతుంది.

మన లోపలి ఉప్పుటేరు

మన జీవితాలు కూడా ఇలాగే ఉన్నాయి. రావడానికి 68 దారులు. జీతం, నోటిఫికేషన్లు, గ్రూపులు, వార్తలు, రీల్స్, ఆఫీసులో ఎవరో అన్న మాట, పెళ్లి చూపుల్లో ఎవరో అనని మాట. అన్నీ లోపలికే. పోవడానికి దారి? చాలామందికి పూడిపోయి ఉంది. రాత్రి రెండింటికి నిద్ర పట్టకపోవడం, చిన్న మాటకే అమ్మ మీద విసుక్కోవడం, ఇవి వరద కాదు, వెనక్కి తన్నిన నీరు. అందుకే కోపం ఆఫీసులో మొదలై ఇంట్లో పొంగుతుంది.

మన సంప్రదాయం బయటికి దారులు చాలా ఇచ్చింది. సంపాదన పోయే దారి దానం. కోపం పోయే దారి క్షమ. దుఃఖం పోయే దారి తర్పణం. చనిపోయిన నాన్న కోసం దోసిట్లో నీళ్లు పట్టి, నువ్వులతో, వేళ్ల మధ్య నుంచి వదిలే ఆ క్షణం ఎంత పెద్దదో, వదిలినవాళ్లకు తెలుసు. భగీరథుడు అంత చేసి చివరికి చేసింది కూడా అదే, పితరులకు నీళ్లు వదలడం. వినాయకుణ్ణి తొమ్మిది రోజులు కొలిచి, పదో రోజు మన చేతులతోనే నీళ్లలో కలపడం కూడా ఈ పాఠమే. అంత ప్రేమించినవాణ్ణి కూడా సాగనంపడం నేర్చుకోమని.

ఈ దారులు గొప్పగా కనిపించవు. కిలోమీటరుకు ఒక అంగుళమే. ఈ రోజు ఒక మనిషిని క్షమించేస్తే రేపు పొద్దున్నే మనసు తేలికవదు. మధ్యలో పోటు వస్తుంది, పాత కోపం మళ్లీ ఎదురు తోస్తుంది. అప్పుడు ఉప్పుటేరు ఏం చేస్తుందో గుర్తు చేసుకోండి. పోటు ఉన్నంతసేపు ఓపిక పడుతుంది, ఆటు రాగానే మళ్లీ కదులుతుంది. రోజుకు రెండుసార్లు, ఎన్ని వందల ఏళ్లుగానో.

అలాగే రోజూ జపం, ధ్యానం ఎందుకు అని అడుగుతారు కదా. సరస్సు మట్టం నిలబెట్టుకోవడానికి. లోపల తీపి నీరు ఉంటేనే ఉప్పు లోపలికి రాదు.

ఈ వారం చేసుకునే పని

ముందుగా, మీ "మధ్య"లో ఏముందో తెలుసుకోండి. హైదరాబాద్‌లో ఉన్నా కృష్ణా గోదావరుల మధ్య అనే చెబుతాం. అక్కడ మధ్యలో ఉన్నది మూసీ. విజయవాడలో బుడమేరు. బెంగళూరులో నంది పేరు పెట్టుకున్న వృషభావతి. చెన్నైలో కూవం, అడయార్. మీ అపార్ట్‌మెంట్ నీరు ఎటు పోయి, దేనిలో కలిసి, ఏ సముద్రానికి చేరుతుందో మ్యాప్ తెరిచి వేలితో గీసుకుంటూ వెళ్లండి. పావుగంట పని. తర్వాత సంకల్పం చెప్పేటప్పుడు ఆ నదిని మనసులో ఒకసారి తలుచుకోండి.

తర్వాత, ఉద్వాసనకు టైమ్ ఇవ్వండి. పీఠం కదిపాక కలశంలో నీళ్లు ముందు ఇంట్లో చల్లుకుని, మిగిలినవి చెట్టు మొదట్లో పోయండి. నిర్మాల్యాన్ని ప్లాస్టిక్ కవర్లో కట్టి కాలువలో విసిరేయడం ఏ శాస్త్రంలోనూ లేదు. పూలని వేరు చేసి కుండీలో ఎరువు చేసుకోండి. వినాయకుడు మట్టివాడైతే బకెట్లోనే కరిగిపోతాడు, ఆ మట్టిలో తులసి నాటొచ్చు. వంతెన ఖానాకు అడ్డుపడే చెత్తలో మన ఇంటి దేవుడి పూలు ఉండకూడదు. మనం సాగనంపిన దేవుడి దారికి మనమే అడ్డుపడినట్టవుతుంది.

మూడోది మీకు మాత్రమే తెలిసే పని. లోపల చాలా రోజులుగా ఆగిపోయినది ఒకటి ఎంచుకోండి. తిరిగి ఇవ్వాల్సిన డబ్బు కావచ్చు, చెప్పాల్సిన థాంక్స్ కావచ్చు, ఎవరి మీదో పెట్టుకున్న మూడేళ్ల అలక కావచ్చు. దానికి ఒక అంగుళం వాలు ఇవ్వండి. ఒక ఫోన్ కాల్ చాలు.

వీలైతే ఈ ఫాల్గుణంలో కొల్లేటికోట వెళ్లి పెద్దింట్లమ్మను దర్శించుకోండి. తిరిగి వచ్చేటప్పుడు ఆకివీడు దగ్గర ఉప్పుటేరు వంతెన మీద కాస్త ఆగి, దిగి, చేతులు జోడించండి. ఆవిడకు ఘాటు లేదు, హారతి లేదు, పుష్కరం లేదు. మన అందరి నీటినీ మోసుకుంటూ, పోటుకి ఆగుతూ, ఆటుకి కదులుతూ, నెమ్మదిగా సముద్రం వైపు వెళ్తూ ఉంటుంది. ఒక్క నమస్కారం పెట్టండి చాలు.

వచ్చే వారం వీడియోలో తర్పణంలో నువ్వులు, దర్భ ఎందుకు వాడతారో చూద్దాం. అందాకా సెలవు.

పెద్దింట్లమ్మ తల్లి అందరినీ చల్లగా చూడాలి.